మొక్కజొన్న పీచు

గుణుపురం బస్టాండు వెనక
మెడికల్ షాపు మీది అంతస్తులో లిప్సా పార్లర్.
కుర్చీలో రెండున్నర గంటలు,
తల నిండా వెండి కాగితాలు,
పద్దెనిమిది వందలు.
లైనింగు లేని జాకెట్లు పదిహేను. లెక్క నాకు తెలుసు.

"రాగి రంగు దీదీ, మీకు భలే కుదిరింది"
అంది లిప్సా, సగం ఒడియా సగం తెలుగు,
వెనక ఇంకో అద్దం పట్టుకుని.
నలభై మూడేళ్లకి
నా వెనకవైపు నేను చూసుకున్నాను.

ఇంటికొస్తే ముందు చూసింది కుక్క.
మొరగలేదు.
ఆ మాత్రం చాలనుకుని గడప దాటాను.

ఢిల్లేశ్వర్రావు సెల్లులోంచి తలెత్తి
మళ్లీ సెల్లులోకి దించి
మళ్లీ ఎత్తాడు.
"ఎన్నాళ్లుంటాదిది?"
ధర అడుగుతాడనుకున్నాను. గడువు అడిగాడు.

పక్క వాటాలోంచి మేనల్లుడు ఓంకార్
"అత్తా, కోడిపుంజు!"
వాడి చెవి మెలేసిన మా వదిన మినతి
నా చుట్టూ ఒకసారి తిరిగి
"భొలొ దిసుచి" అంది, గొంతు తగ్గించి,
తన జడ కొస ముందుకు లాక్కుని చూసుకుంటూ.
అన్నయ్య ఏమీ అనలేదు.
అనకుండా వీధిలోకీ వంటింట్లోకీ
మూడుసార్లు తిరిగాడు.
పాతపట్నం నుంచి ఆడపడుచు ఫోను, ఎవరు చేరేశారో,
"గృహప్రవేశం ఫొటోల్లో
నీ పక్కన నానెలాగ నిలబడతాను వదినా?"

అమ్మ పెరట్లో చింతపండు గింజ కొడుతోంది.
రాయి గాల్లోనే ఆగింది.
"ఒలే, మళ్లీ వచ్చిందేటే అది?"

అది.
నాకు పూర్తిగా గుర్తులేదు,
అమ్మ చెప్పగా చెప్పగా నా గుర్తయింది.
నాలుగేళ్లదాన్ని. మిల్లు నూకలు, గంజి, ఉల్లికాడ.
పుల్లల్లాంటి కాళ్లు, కుండలాంటి పొట్ట,
తల మీద ఎండిన మొక్కజొన్న పీచు.
వీధి గుంటలు నాకు పెట్టిన పేరూ అదే.
ఒలే పీచూ, రాయే పీచూ.
దొరసానిలాగుందని ముద్దుచేసినవాళ్లూ ఉన్నారట.
వంశధార దాటి వచ్చే నర్సమ్మ ఒక్కర్తే
ఒక వెంట్రుక పీకి, వెలుగుకి పట్టి చూసి,
"ఇది రంగు కాదమ్మా, ఆకలి" అంది.

ఆ తర్వాత ప్రతి సంతకీ
మిల్లు పని ఎగ్గొట్టి అమ్మ.
కొండ దిగొచ్చిన సవర ఆడవాళ్ల దగ్గర
క్వార్టరు సీసాలో వలిసె నూనె,
కొంగులో ఉలవలు,
ముక్కుపుడక అమ్మేశాక రోజుకో గుడ్డు.
గుడ్డు నాకు.
పెంకులో వేలు పెట్టి తుడిస్తే వచ్చింది అన్నకి.
(అందుకేనా ఇందాక అన్ని తిరుగుళ్లు?)

"నలుపు రాడానికి మూడేళ్లు పట్టింది నాకు."
నాకు, అంది. నీకు అనలేదు.
"డబ్బులిచ్చి ఎర్ర చేయించుకొచ్చినావా?"

ఇది ఆకలి కాదమ్మా, రంగు
అనాలని నోటిదాకా వచ్చింది.
మరీ నాటకంలో మాటలా ఉంటుందని
చింతగింజలు ఏరుతూ కూర్చున్నాను.

రాత్రి భోజనాలయ్యాక పీట వేసింది.
రమ్మనలేదు. వెళ్లాను.
నూనె తగిలితే రంగు ఆగదని
లిప్సా మరీ మరీ చెప్పింది.
అమ్మకి నేను చెప్పలేదు.
గోరువెచ్చగా వలిసె నూనె మాడు మీద,
దాని వెంట చింతపండు పులుపు వదలని గరుకు చెయ్యి,
చెవుల వెనక, మెడ మడతలో,
నాలుగేళ్ల పిల్లకి రుద్దినట్టే గట్టిగా.

ఉన్నట్టుండి ఆపి
చెయ్యి బల్బు కింద పెట్టి చూసుకుంది.
అరచెయ్యంతా తుప్పునీళ్లు.

"ఇది అంటుకుంటాందే," అంది
ఆశ్చర్యపోయి.
"అది ఎంత రుద్దినా
నా చేతికి రానేలేదు."

గుమ్మంలోంచి ఢిల్లేశ్వర్రావు
"పోతాదా అయితే?" అన్నాడు.

పోదు, అంది అమ్మ.